కొంగకు తగిన స్నానాల తొట్టి

వస్తువు కొనడంలో ఏముంది? దాన్ని ఎంచుకోవడంలోనే మనిషి జన్మ సార్థకమవుతుంది. ఈ సత్యాన్ని నేనివాళ తిరుగులేకుండా నిరూపించబోతున్నాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి. చెప్పలేరు! అచ్చులో ఉన్నవాడితో వాదించడం ఎవరి తరమూ కాదు. నేను ఇంట్లో నోరు మూసుకుని ఇక్కడ కాలమ్ రాస్తున్నది అందుకే.

పాత రోజులు తలుచుకోండి. కొట్టుకెళ్ళి సబ్బు అడిగితే కొట్టాయన సబ్బు ఇచ్చేవాడు. అంతే! దాన్ని ఇంటికి తెచ్చుకుని ఒళ్ళు రుద్దుకునేవాళ్ళు. ఎంత దౌర్భాగ్యపు బతుకు! ఇంతకంటే మంచి సబ్బు లోకంలో ఇంకెక్కడైనా ఉందేమోనన్న బెంగ లేదు, పోలిక లేదు, చర్చ లేదు. స్నానం అయిపోయేది, మనిషి పనిలోకి వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడో? ఏ వస్తువు కావాలన్నా నలభై రకాలు. ఒక్కో రకానికి వెయ్యి రివ్యూలు. ఒకడు అమృతం అన్నదాన్నే పక్కవాడు విషం అంటాడు. దీన్ని తలనొప్పి అనేవాళ్ళు కొందరున్నారు. కృతఘ్నులు! ఏమీ కొనకుండా, ఏమీ చేయకుండా, నెలల తరబడి ఊపిరి సలపనంత పనిలో ఉన్నట్టు కనిపించే వరం మన తాతముత్తాతలకు దక్కిందా?

నా అనుభవమే చెబుతాను. నేను స్కేల్ మోడళ్ళు చేస్తాను. అంటే ఓడలు, విమానాలు, ఇంజిన్లు ఉంటాయి కదా, వాటిని కొలత తప్పకుండా చిన్నవి చేసి, ముక్కలు అతికించి, రంగులేసి నిలబెట్టడం. మా ఆవిడ వీటిని "బొమ్మలు" అంటుంది. ఆ మాట మీద నా నిరసన పెళ్ళయిన కొత్తలో మొదలైంది, ఇంకా నడుస్తోంది.

మా అక్క రేవులో క్రేన్ ఆపరేటరు. ఓడల్లోంచి సరుకు ఎత్తి ఒడ్డున దించే పెద్ద క్రేన్ మీద, ఆకాశానికి దగ్గరగా ఉన్న చిన్న క్యాబిన్‌లో కూర్చుని, ఉద్యోగం మొత్తం చేసింది. ఆ క్రేన్ పొడుగు మెడ, సన్నకాళ్ళు చూసి దానికి "కొంగ" అని పేరు పెట్టింది కూడా అక్కే. బావని ఎప్పుడైనా పేరు పెట్టి పిలిచిందో లేదో నాకు తెలియదు గానీ, కొంగని మాత్రం రోజూ పిలిచేది.

అక్క రిటైరయ్యే ఏడాదే కొంగకు కూడా కాలం చెల్లిందని రేవు వాళ్ళు తేల్చారు. ఇద్దరికీ ఒకే నెలలో వీడ్కోలు. అక్కకు సన్మానం, కొంగకు గ్యాస్ కట్టర్! కోసి, ముక్కలు చేసి, తుక్కు కింద అమ్మేస్తారు.

అప్పుడు అక్క నా దగ్గరికి వచ్చింది. "ఎలాగూ బొమ్మలు చేస్తుంటావుగా. నా కొంగని ఒకటి చేసిపెట్టరా. అది పోయాక కళ్ళ ముందు ఏదో ఒకటి ఉండాలిగా. టీవీ పక్కన పెట్టుకుంటా" అంది.

ఆ పూట నేను "బొమ్మలు" అన్న మాటకు కూడా నిరసన చెప్పలేదు. ఎందుకంటే, చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా మా అక్క నన్నేదైనా అడగడం అదే మొదటిసారి. "కోసేలోపే నీ చేతిలో పెడతానక్కా" అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాను.

అచ్చంగా ఆ రకం క్రేన్‌కే కిట్ దొరికింది. బూడిద రంగు రెజిన్ ముక్కలు, అంటే అచ్చులో పోసిన ఒకరకం ప్లాస్టిక్, చక్కగా పెట్టెలో. ఒక్కటే చిక్కు. అచ్చులోంచి ఊడిరావడానికి ఆ ముక్కలకు ఏదో నూనె పూస్తారు. అది వదలకుండా రంగు వేస్తే, తలకు నూనె రాసుకుని నీళ్ళు పోసుకున్నట్టే, ఎక్కడా నిలవదు. కాబట్టి ముందు ముక్కల్ని కడగాలి.

ఎలా కడగాలో పెట్టెలోని కాగితం మీద ఉంది. "గోరువెచ్చని సబ్బు నీళ్ళలో మెత్తటి బ్రష్‌తో రుద్దండి." చదివి నేను పకపకా నవ్వాను. నవ్వరా మరి? ఇంత పెద్ద శాస్త్ర ప్రపంచంలో, ఇంత ముఖ్యమైన మోడల్‌కి, పళ్ళు తోముకునే బ్రష్షా!

దానికి యంత్రం ఉంది. అల్ట్రాసోనిక్ క్లీనర్. చిన్న స్టీలు తొట్టి, కింద మోటారులాంటిదేదో. మీట నొక్కితే మన చెవికి వినపడనంత సన్నని గోల పెడుతుంది. ఆ గోలకు నీళ్ళలో కంటికి కనపడని బుడగలు పుట్టి, పేలి, మూలమూలల్లోని జిడ్డును ఊడగొడతాయి. గోలపెట్టి పని చేయించే విధానం మా ఇంట్లో ముందునుంచీ అమల్లో ఉంది కాబట్టి, ఈ సూత్రం నాకు ఇట్టే అర్థమైంది.

ఇక ఎంపిక మొదలుపెట్టాను. అహా, ఏం రోజులవి!

ముందు తొట్టి కొలత. కొంగ మెడ, అంటే బూమ్, అన్నిటికంటే పొడుగు ముక్క. మూరెడు ఉంటుంది. చిన్న తొట్టిలో పట్టదు. అది పట్టే తొట్టి కావాలంటే మెకానిక్ షెడ్లలో బండి సామాన్లు కడిగేది కొనాలి. అందులో చిన్న ముక్కలు వేస్తే మళ్ళీ గజ ఈతగాణ్ణి దింపి వెతికించుకోవాలి. అడ్డంగా పట్టకపోతే ఐమూలగా పడుతుందేమోనని ప్రతి కంపెనీ తొట్టికీ కర్ణం లెక్క కట్టాను. బళ్ళో లెక్కల మాస్టారు నా వీపు మీద వాయించి నేర్పిన సూత్రం ఇన్నేళ్ళకు అక్కరకొచ్చింది. ఇది ఎంపిక వల్ల కలిగిన లాభం కాదా?

కూరలు తరుగుతూ చూస్తున్న మా ఆవిడ, "బకెట్లో పడుతుంది కదండీ" అంది.

"బకెట్‌కి ఫ్రీక్వెన్సీ ఉండదు" అన్నాను.

"చేతకానమ్మకు చేష్టలెక్కువని ఊరికే అన్నారా" అనుకుంటూ అటు తిరిగింది. పరిశోధకులకు ఇంటి నుంచి ప్రోత్సాహం ఉండదని చరిత్ర చెబుతూనే ఉంది.

ఫ్రీక్వెన్సీ అన్నాను కదా. అదొక మహాసముద్రం. మా మోడళ్ళ గ్రూపులో హెర్ట్జ్ మాస్టారు అని ఒకాయన ఉన్నారు. సంగీతం పాఠాలు చెప్పుకుంటూ బతుకుతారు. నలభై కిలోహెర్ట్జ్ మొరటు గొంతు అని, ఎనభై అయితేనే మెత్తగా, లలితంగా కడుగుతుందని ఆయన వాదన. వినపడని శబ్దంలో మొరటేమిటి, లలితమేమిటి అని అడిగిన పాపానికి ఒక సభ్యుణ్ణి గ్రూపులోంచి తీసేశారు.

ఇంకొకరు బుట్ట బాబాయ్. తొట్టిలోకి ముక్కల్ని దించే బుట్ట స్టీలుదా, ప్లాస్టిక్‌దా, దాని కన్నాలు ఎంత అన్నదే ఆయన జీవిత సమస్య. దానికో విషాద గాథ ఉంది. ఒకసారి విమానం పైలట్, గింజంత మనిషి, బుట్ట కన్నంలోంచి జారాడు. బాబాయ్ చూసుకోకుండా నీళ్ళు సింకులో పారబోశాడు. ఆ విమానం ఇప్పటికీ పైలట్ లేకుండానే షెల్ఫ్ మీద ఎగురుతోంది.

అందరిలోకీ నాకు గౌరవమున్నది రేకు అన్నయ్య మీద. ఈ యంత్రం సరిగ్గా పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు ముక్కను నీళ్ళలో ముంచి యంత్రం వెయ్యాలి. రేకుకు సన్న సన్న చిల్లులు పడితే యంత్రం మంచిదన్నమాట. అన్నయ్య ఐదు యంత్రాలు కొన్నాడు. అన్నిటిలోనూ రేకులే ముంచాడు. కిటికీ దగ్గర నిలబడి, ఒక్కో రేకునూ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, చిల్లులు చూసి మురిసిపోతాడు. ఇంతవరకూ ఒక్క మోడల్ ముక్క కూడా కడిగిన పాపాన పోలేదు. వాళ్ళింట్లో టిఫిన్ చుట్టడానికి రేకు దొరకదట!

ఇక రివ్యూలు. "సూపర్‌గా ఉంది, ఇంకా పెట్టె తెరవలేదు" అని ఒకాయన ఐదు చుక్కలిచ్చాడు. ఇంకొకావిడ, "నా కట్టుడు పళ్ళు తళతళలాడుతున్నాయి, కానీ ఆ గోలకు మా కుక్క ఇల్లు వదిలి పోయింది" అని ఒకే చుక్క ఇచ్చింది. నాకు గుబులు పట్టుకుంది. ఆ కుక్క ఏమైంది? తిరిగొచ్చిందా? ఆవిడకు రాసి కనుక్కున్నాను. వచ్చిందట, కానీ పళ్ళ వంక అనుమానంగా చూస్తోందట. మా ఇంట్లో కుక్క లేదు. అయినా తెలుసుకోవడం మంచిదే కదా?

ఇలా చదివీ చదివీ నేను ఎంత ఎదిగానంటే, గ్రూపులో ఎవరికి ఏ సందేహమొచ్చినా "ఆయన్నే అడగండి" అనే స్థితికి వచ్చాను. హీటరు ఉన్నది కొనాలా, లేనిది కొనాలా? నన్నే అడిగేవారు. వేడి ఎక్కువైతే రెజిన్ వంగిపోతుంది, మీ యుద్ధనౌక అరటిపండవుతుంది జాగ్రత్త అని గంభీరంగా చెప్పేవాణ్ణి. నా సలహా విని యంత్రాలు కొన్నవాళ్ళు ఎందరో! నా దగ్గర మాత్రం ఒక్కటీ లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారా? అనండి. పేరైనా ముందే ఎంచి పెట్టినందుకు ఆ తండ్రిని మెచ్చుకోవాలంటాను నేను.

వారం వారం అక్క ఫోన్ చేసేది.

"ఏరా, కొంగ ఎంతవరకొచ్చింది?"

"పరిశోధన నడుస్తోందక్కా."

"దేని మీద?"

"కడగడం మీద."

"కడగడం మీద పరిశోధనేంట్రా! నీకు స్నానం చేయించడానికి అమ్మ ఇంత ఆలోచించి ఉంటే, నువ్వింకా మట్టితోనే తిరుగుతుండేవాడివి" అంది.

నేను నవ్వాను. అక్క కూడా నవ్వింది. మా మధ్య ప్రేమకు ఎప్పుడూ లోటు లేదు. ఎంపిక వల్ల కుటుంబ బంధాలు బలపడతాయనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? బొమ్మ ఠక్కున చేసి ఇచ్చేసి ఉంటే, అక్క వారం వారం ఫోన్ చేసేదా?

తర్వాతి వారం చేసినప్పుడు మాత్రం నవ్వలేదు. "కోతకి తేదీ ముందుకు జరిపార్రా. నా ఆఖరి డ్యూటీ అయిన మర్నాడే మొదలుపెడతారంట" అంది. గొంతు మామూలుగానే ఉంది. "పైనుంచి దిగేటప్పుడు మెట్లు ఎప్పుడూ చూసుకోను, అలవాటైపోయింది కదా. నిన్న మాత్రం ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాను" అంది.

నాకు గుండె కలుక్కుమంది. అబద్ధమెందుకు, నిజంగానే కలుక్కుమంది. ఫోన్ పెట్టేసి తిన్నగా స్నానాల గదిలోకి వెళ్ళాను. అక్కడ బకెట్ ఉంది. సబ్బు ఉంది. బ్రష్ ఉంది. మూడింటినీ చూశాను. అంతలో హెర్ట్జ్ మాస్టారి దగ్గర్నుంచి మెసేజ్. రెండు ఫ్రీక్వెన్సీలూ ఒకే దాంట్లో ఉన్న కొత్త యంత్రం వచ్చిందట! చెప్పండి, మీరైతే ఏం చేసేవారు?

నేను నిదానమే ప్రధానం అనుకున్నాను. మా ఆవిడ ఆలస్యం అమృతం విషం అంది. మన సామెతల గొప్పతనమిదే. ఎవరి పక్షాన వాళ్ళకో సామెత సిద్ధంగా ఉంటుంది.

చివరికి యంత్రం వచ్చింది. ఎలా వచ్చిందనుకున్నారు? నేను ఆఖరి రెండింటి మధ్య తూకం వేస్తూ వేస్తూ, ఫోన్ బల్ల మీద పెట్టి టీ పెట్టుకోవడానికి లేచాను. తిరిగొచ్చేసరికి ఆర్డర్ వెళ్ళిపోయింది!

"ఏది నొక్కావ్?" అన్నాను.

"ఎర్రది" అంది మా ఆవిడ.

ఎర్రది! కర్ణాలు, కిలోహెర్ట్జ్‌లు, బుట్ట కన్నాలు, కుక్క మనోభావాలు, నెలల తరబడి చేసిన తపస్సు! చివరికి తేల్చింది డబ్బా రంగు! కూర్చుండిపోయాను. ఆవిడ నా భుజం తట్టి, "వదిన అడిగింది కొంగనండీ, తొట్టిని కాదు" అని లోపలికి వెళ్ళింది.

ఎర్రది వచ్చింది. కొంగ మెడ అందులో ఐమూలగా కూడా పట్టలేదు. సగం ముంచి, తిప్పి, మిగతా సగం ముంచాను. అయినా న్యాయంగా చెప్పాలి, పని మాత్రం అద్భుతం! ముందు రేకు పరీక్ష చేశాను. చిల్లులు పడ్డాయి. ఇంకో మూల పెట్టి మళ్ళీ చేశాను. పడ్డాయి. నీళ్ళు మార్చి చేశాను. అప్పుడూ పడ్డాయి. రేకు అన్నయ్యకు ఫోటోలు పంపితే "ధన్యుడివి తమ్ముడూ" అన్నాడు. ఆ తర్వాతే ముక్కలు కడిగాను. ఆ శుభ్రత చూసి తీరాలి! వేలితో ముట్టుకుంటే మాసిపోతాయేమోనని చిమటాతో పట్టుకుని తువ్వాలు మీద ఆరబెట్టాను. మెడ ఒక పక్క, క్యాబిన్ ఒక పక్క, కాళ్ళు ఒక పక్క.

ఆరబెట్టిన మర్నాడే అక్క సన్మానం. ఆఖరి డ్యూటీ అయి అప్పటికి వారం.

రేవు క్యాంటీన్‌లో బల్లలు జరిపి కుర్చీలు వేశారు. మేనేజరు మాట్లాడాడు, యూనియన్ ఆయన మాట్లాడాడు. అక్కతో పాటు పని చేసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపారు. నా వంతు వచ్చింది. ముక్కలన్నీ కిట్ పెట్టెలోనే దూది పరిచి, వరసగా పేర్చి తెచ్చాను. "ఇంకా అతికించాల్సి ఉందక్కా. కానీ చూడు, ఎంత శుభ్రంగా ఉన్నాయో" అని చేతిలో పెట్టాను.

అక్క మూత తీసింది. కళ్ళజోడు పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"అచ్చం ఇలాగే ఉందిరా" అంది.

"ఏంటక్కా?"

"కొంగ. నిన్న యార్డుకి వెళ్ళి చూసొచ్చా. కోసేశారుగా. మెడ ఒక పక్క, క్యాబిన్ ఒక పక్క, కాళ్ళు ఒక పక్క, ఇదిగో ఇలాగే వరసగా పడుకోబెట్టారు. ఒక్క ముక్క తేడా లేదు." తలెత్తి నా వంక చూసి నవ్వింది. "కాకపోతే, దాన్నెవరూ కడగలేదు."

చదువరులారా! స్కేల్ మోడళ్ళు చేసే ప్రతివాడి జీవితాశయమూ ఒక్కటే, "అచ్చం అసలుదానిలాగే ఉంది" అనిపించుకోవడం. దానికోసం తుప్పు మరకలు కూడా సన్న బ్రష్‌తో దిద్దుతారు, కళ్ళు పోగొట్టుకుంటారు. నేను జిగురు ముట్టకుండా, రంగు డబ్బా మూత తియ్యకుండా, ఆ మాట అనిపించుకున్నాను. అదీ ఆ క్రేన్‌ని లోపలినుంచి ఎరిగిన ఒకే ఒక్క మనిషి నోట! మా గ్రూపులో ఇంత గౌరవం ఇంకెవరికైనా దక్కిందా?

కాబట్టి తొందరపడకండి. ఎంచుకోండి. బాగా ఎంచుకోండి. ఏ యంత్రం ఎంతకాలం మన్నుతుందో రివ్యూల్లో వివరంగా ఉంటుంది, అన్నీ చదవండి. మీరు ఎవరికోసం ఎంచుకుంటున్నారో వాళ్ళు ఎంతకాలం ఆగగలరో మాత్రం ఏ రివ్యూలోనూ రాయరు. నాకైతే కనపడలేదు.

ఆ పెట్టె ఇలా తే, వారంలో అతికించి రంగులేసి తెస్తానని అక్క కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇవ్వదే! "వద్దులేరా. నేను ఆఖరిసారి చూసింది దాన్ని ఇలాగేగా. ఉండనీ" అంటుంది. మూత తీసి, టీవీ పక్కన పెట్టుకుంది. రోజూ దుమ్ము కూడా దులుపుతుంది.

ఇంటికి ఎవరొచ్చినా అదేమిటని అడుగుతారు. అడక్క మానరు. "మా కొంగ. మా తమ్ముడు చేసిచ్చాడు" అంటుంది అక్క. వెటకారం లేదు, కోపం లేదు, ఎంతో మామూలుగా, కాస్త గర్వంగా కూడా అంటుంది. వచ్చినవాళ్ళు పెట్టెలోకి చూస్తారు. తర్వాత నా మొహంలోకి చూస్తారు.

ఆ చూపు నా ఒంటి మీంచి వదిలేలా కడిగే యంత్రం ఏదైనా మీ ఎరుకలో ఉంటే దయచేసి చెప్పండి. ఏ కంపెనీదైనా సరే, ఏ రంగుదైనా సరే, రివ్యూ ఒక్కటి కూడా చదవను. ఇవాళే కొంటాను.